ఉప్పెక్కువైన ఆ ప్లేటు ఎవరిది?

ప్రశ్న: మా పెళ్లయి 12 ఏళ్లు. మేమున్న శివారు ప్రాంతంలో ఈమధ్య ఖరీదైన రెస్టారెంటు ఒకటి తెరిచారు. పెళ్లిరోజుకు అక్కడే భోంచేయాలని మూడు వారాల ముందే టేబుల్ బుక్ చేశాను. మేం వెళ్లేనాటికి అది తెరిచి పది రోజులు. శనివారం రాత్రి ఎనిమిదికి రమ్మని అరగంట నిలబెట్టారు. లోపల ఒకటే రొద. నేను చేప చెప్పాను. మా వారికీ అదే తినాలని ఉంది గానీ, ఇద్దరం ఒకటే ఎందుకని సాస్ పోసిన మాంసం చెప్పారు. నా ప్లేటు ముందు వచ్చింది, ఆయనది చాలాసేపటికి గానీ రాలేదు. భోజనం అవుతున్నంతసేపూ ఆయన ఏమీ మాట్లాడలేదు. ఎలా ఉందని ఎన్నిసార్లు అడిగినా "బాగుంది" అన్నారు. ఆయన ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుని తింటే నోట పెట్టలేనంత ఉప్పు. వెంటనే వెయిటరును పిలిచి, కాస్త గట్టిగానే అడిగాను. మార్చి తెచ్చేసరికి నా భోజనం అయిపోయింది. ఆయన ఒక్కరే తిన్నారు. తిరిగి వస్తుంటే కారులో ఒకే మాట అన్నారు: "నా ప్లేటు గురించి నేను చెప్పుకోలేనా?" ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతున్నారు. అంత డబ్బు పోసి నోరు మూసుకుని తినాలా? నేను చేసింది తప్పా? ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాశాను, ఇంకా పెట్టలేదు, దీంతో జతచేస్తున్నాను. పెట్టమంటారా? ఆ రెస్టారెంటుకు మళ్లీ వెళ్లడం దండగేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: సూటిగా చెబుతాను. ఉప్పెక్కువైన వంటను వెనక్కి పంపడం తప్పు కాదు. ఎక్కడ తిన్నా అది తినేవారి హక్కు, ఖరీదైన చోట మరీనూ. కానీ ఆ ప్లేటు ఆయనది. మార్పించాలో, సర్దుకుని తినాలో, సగంలో వదిలేయాలో తేల్చుకోవలసింది ఆయన. మీరు ఒక్క క్షణం ఆగి "మార్పిద్దామా?" అని ఆయన్ను అడిగి ఉంటే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు. కారులో ఆయన అన్న మాటను మీ ఉత్తరంలోనే మరోసారి చదువుకోండి. ఫిర్యాదు చేశారని ఆయనకు కోపం లేదు. ఆయన చేయవలసిన ఫిర్యాదు మీరు చేశారని కోపం.

మీరు గమనించినట్టు లేరు గానీ, మీ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చోటు ఎంచుకున్నది మీరు. మూడు వారాల ముందే బుక్ చేసి ఎదురుచూసింది మీరు. గుమ్మం దగ్గర అరగంట నిలబడినప్పుడు మీ ముఖం ఎంత చిన్నబోయిందో ఆయన చూసే ఉంటారు. లోపల కూర్చున్నాక "ఎలా ఉంది, బాగుందా" అని మీరు పదేపదే అడుగుతుంటే, మీరు అడుగుతున్నది వంట గురించే అని ఆయనకు అనిపించి ఉండదు. మీ ఎంపిక బాగుందా అని అడుగుతున్నట్టు వినిపించి ఉంటుంది. అందుకే బాగుందన్నారు. అంత ఉప్పున్నదాన్ని మౌనంగా తింటూ కూర్చున్నది మీ సాయంత్రం పాడవకూడదని. కొంత మొహమాటమూ ఉండవచ్చు, కాదనను. కానీ మొహమాటం ఒక్కటే అయితే కారులో ఆ మాట వచ్చేది కాదు, "పోనీలే, మార్పించావు" అని ఊరుకునేవారు. మీకోసం కడుపులో దాచుకున్నదాన్ని మీరే హాలు మధ్యలో, అందరూ వింటుండగా బయటపెట్టారు. ఆయన నొచ్చుకున్నది అక్కడ.

మీ బాధ నాకు అర్థం కాక కాదు. పన్నెండేళ్లు కలిసి బతికిన మనిషి ఎదురుగా కూర్చుని బాగాలేనిదాన్ని బాగుందంటే, నాతో కూడా నిజం చెప్పుకోలేరా అని మనసు చివుక్కుమంటుంది. వెయిటరు మీద లేచిన మీ గొంతులో సగం కోపం మీ వారి మీదిదే అనుకుంటాను. ఆయన చేసింది కూడా సరైనది కాదు. మిమ్మల్ని కాపాడాలనుకుని మిమ్మల్ని ఒంటరిని చేశారు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు తాపత్రయపడి ఒకరినొకరు నొప్పించుకున్న రాత్రి అది. ఎవరిది తప్పు అని అడిగితే నా దగ్గర ఇంతకన్నా సమాధానం లేదు.

ఇక వంటగదిలోకి వెళ్దాం. అక్కడేం జరిగి ఉంటుందో తెలిస్తే, మీ రివ్యూలో సగం వాక్యాలు మీరే కొట్టేస్తారు.

ఇలాంటి చోట ఒక టేబుల్‌కు వచ్చే రెండు ప్లేట్లను ఒకే మనిషి వండడు. ఫ్రెంచి చెఫ్ ఎస్కోఫియే 19వ శతాబ్దం చివర్లో స్థిరపరచిన పద్ధతి అది: చేపకు ఒకరు, కాల్చే మాంసానికి ఒకరు, సాసులకు ఒకరు, చల్లటి వంటకాలకు ఇంకొకరు. మీ ఆర్డరు చీటీ వంటగదిలోని ప్రింటరు నుంచి బయటికి రాగానే, వంటగదికీ హాలుకీ మధ్య ఉన్న బల్ల దగ్గర నిలబడిన మనిషి దాన్ని గట్టిగా చదువుతాడు. ఆ బల్లను వాళ్లు 'పాస్' అంటారు. చేప కొద్ది నిమిషాల పని. మాంసం ముక్క మందాన్నిబట్టి ఎక్కువసేపు పడుతుంది, కాల్చాక కూడా కొన్ని నిమిషాలు పక్కన ఉంచాలి, లేకపోతే కోయగానే రసమంతా కారిపోతుంది. అంటే మీ ఇద్దరి ప్లేట్లు ఒకేసారి పాస్ మీదికి రావాలంటే, మాంసం మొదలుపెట్టిన చాలాసేపటికి గానీ చేపను పెనం మీద వేయకూడదు. ఎప్పుడు వేయాలో అరిచి చెప్పాల్సింది ఆ బల్ల దగ్గరి మనిషే. అతని ముందు ఇంకో ఇరవై చీటీలు వేలాడుతుంటాయి. తెరిచి పది రోజులే అయిన వంటగదిలో, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు, ఆ లెక్క తప్పడం చాలా తేలిక. చేప ముందే అయిపోతుంది. దాన్ని వేడి దీపం కింద ఉంచితే ఎండిపోతుంది కాబట్టి మీకు ముందు పంపేస్తారు. మీ వారికి ఎదురుచూపు మిగులుతుంది.

ఉప్పు సంగతి కూడా దాదాపు అలాంటిదే. సాసు సాయంత్రమే కాచి, రుచి చూసి, సరిగ్గా ఉప్పు వేసి పొయ్యి పక్కన వెచ్చగా ఉంచుతారు. రద్దీ పెరిగేకొద్దీ దాన్ని ఎవరూ పట్టించుకోరు, నీరు ఆవిరవుతూనే ఉంటుంది. నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. లీటరు సాసు ముప్పావు లీటరుకు మరిగిందంటే ప్రతి చెంచాలో ఉప్పు మూడో వంతు పెరిగినట్టే. ప్లేటులో పోసేముందు శుభ్రమైన చెంచాతో మరోసారి రుచి చూసే అలవాటు గట్టిపడిన వంటగదిలో ఇది బయటికి రాదు. కొత్తచోట ఆ అలవాటు ఇంకా గట్టిపడి ఉండదు. ఇంకో మాట. నేపథ్యంలో పెద్ద రొద ఉన్నప్పుడు ఉప్పు, తీపి నాలుకకు తగ్గినట్టు అనిపిస్తాయని 2011లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అంత రొదలోనూ మీకు ఆ ఉప్పు తగిలిందంటే అది నిజంగానే ఎక్కువ. మీ నాలుకను మీరు అనుమానించనక్కర్లేదు.

ఆ రొద గురించి మీరు ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి జరిగినదానిలో పెద్ద భాగం దానిదే అనిపిస్తోంది. కొత్తగా కట్టే ఇలాంటి హాళ్లలో ఎత్తైన కప్పు, గాజు గోడలు, రాతి నేల, గుడ్డ పరవని బల్లలు, తెరిచి ఉన్న వంటగది సామాన్యం. చూడ్డానికి బాగుంటాయి. శబ్దాన్ని పీల్చుకునేది మాత్రం ఒక్కటీ ఉండదు. పక్క టేబుల్ వారి మాటలు గోడకు తగిలి మీ దగ్గరికి వస్తాయి, మీరు గొంతు పెంచుతారు, అది విని వారూ పెంచుతారు. చుట్టూ రొద పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్సు వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో రాశారు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్లు. కిక్కిరిసిన హాలులో 80 దాటడం మామూలే. ఆ లెక్కలో ప్రతి 10 డెసిబెళ్లకూ శబ్దశక్తి పది రెట్లవుతుంది కాబట్టి, అది వంద రెట్ల తేడా.

అంతటి హోరులో మీ వారు మాట్లాడకపోవడానికి కారణం అలకో, విసుగో కాకపోవచ్చు. వయసు నలభై దాటేకొద్దీ చాలామందికి నిశ్శబ్దంలో బాగానే వినిపించినా, గోలలో ఎదుటివారి మాట పట్టుకోవడం కష్టమవుతుంది. అలాంటివారు రెండు మూడుసార్లు "ఏమన్నావు?" అని అడిగి, నాలుగోసారి నవ్వి ఊరుకుంటారు. మీరడిగిన ప్రశ్నలకు "బాగుంది" అన్న ఒక్క మాటే ఎందుకు వచ్చిందో ఈ కోణంలోంచి కూడా ఆలోచించండి. ఎప్పుడైనా మళ్లీ అలాంటి చోటికి వెళ్తే, బుక్ చేసేటప్పుడే గోడవారగా, మూలగా ఉన్న టేబుల్ అడగండి. ఎదురెదురుగా కాకుండా బల్ల మూలకు అటూ ఇటూ కూర్చోండి. ఇద్దరి మధ్య దూరం సగమైతే, నేరుగా చెవిన పడే మాట సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఎనిమిదింటికి బదులు ఆరున్నరకు వెళ్తే ఇంకా మంచిది. హాలు నిండకముందే సగం భోజనం అయిపోతుంది, వంటగది మీద ఒత్తిడీ తక్కువే.

ఆర్డరు దగ్గర జరిగిన చిన్న విషయాన్ని కూడా వదలలేను. ఆయనకు చేప తినాలని ఉంది, మీరు ముందు చెప్పారు కాబట్టి మానుకున్నారు. ఇది చాలామంది చేసేదే. డాన్ ఏరియెలీ, జొనాథన్ లెవావ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని గురించే: నలుగురిలో కూర్చుని ఒకరి తర్వాత ఒకరు పైకి చెప్పేటప్పుడు, తరువాతివారు ముందువారు చెప్పినది కాకుండా వేరేది ఎంచుకుంటారు, తీరా తిన్నాక లేదా తాగాక అంత తృప్తి పడరు. ముందు చెప్పినవారికి ఆ ఇబ్బంది లేదు. ఈసారి ఆయన్ను ముందు చెప్పనివ్వండి. ఇద్దరూ చేపే చెప్పారనుకోండి, దానివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. రెండు ప్లేట్లూ ఒకేసారి వస్తాయన్న లాభం కూడా ఉంది.

ఇప్పుడు, బాగాలేనిదాన్ని ఎలా చెప్పాలి. మంచి రెస్టారెంట్లలో ప్లేటు పెట్టిన రెండు మూడు నిమిషాలకు, అంటే ఒకటి రెండు ముద్దలు తినేసరికి, వెయిటరు వచ్చి అంతా బాగుందా అని అడుగుతారు. అది మర్యాదకోసం అడిగే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏదైనా తేడా ఉంటే వంటగది దిద్దగలిగిన సమయం అదే. అప్పుడు "ఇందులో ఉప్పు బాగా ఎక్కువగా ఉంది, ఒకసారి వంటగదిలో రుచి చూడమంటారా?" అంటే చాలు. గొంతు పెంచనక్కర్లేదు, క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు, డబ్బు మాట ఎత్తనక్కర్లేదు. సగం తిన్నాక చెబితే వాళ్లకు అనుమానం, మీకు ఇబ్బంది. దాంతోపాటు ఇంకొకటి అడగవచ్చు, ఇది చాలామందికి తోచదు: "మార్చి తెచ్చేదాకా నా ప్లేటు కూడా వెచ్చగా ఉంచండి, ఇద్దరం కలిసి తింటాం." పని తెలిసిన వంటగది ఈ మాటకు వెంటనే ఒప్పుకుంటుంది. అది కుదరకపోతే మీ చేపను బల్ల మధ్యకు జరిపి ఇద్దరూ పంచుకోవలసింది. ఆ రాత్రి నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఉప్పు కాదు, మీరు ఖాళీ ప్లేటు ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆయన తలవంచుకుని గబగబా తిన్న ఆ పది పదిహేను నిమిషాలు.

ఎవరు చెప్పాలన్నది మీ ఇద్దరూ ఇంట్లోనే అనుకుని బయలుదేరితే మంచిది. ఎవరి ప్లేటు గురించి వారు చెప్పుకోవడం ఒక పద్ధతి. ఆయనకు అలా చెప్పడం ఇష్టం లేకపోతే, "నాకు మొహమాటం, నువ్వు చెప్పు" అని ఆయన అడిగాకే మీరు చెప్పాలి. కొందరు దంపతులు బిల్లు ఎవరు చూడాలో, కారు ఎవరు నడపాలో ముందే అనుకుంటారు. ఇదీ అలాంటిదే.

ఆయనతో మాట్లాడటం ఎలా అంటారా? రెస్టారెంటు పేరు ఎత్తకండి. ఉప్పు మాట, డబ్బు మాట, వెయిటరు మాట అసలే వద్దు. ఆయన లేచి వెళ్లిపోతున్నది వాటిని తప్పించుకోవడానికే. "నేను ఎంచుకున్న చోటని నువ్వు ఏమీ అనకుండా తిన్నావు కదా, అది నాకు ఆలస్యంగా అర్థమైంది. నిన్ను అడగకుండా పిలిచినందుకు క్షమించు" అనండి. (మీరు ఆయన్ను ఎలా పిలుస్తారో అలాగే అనండి, నా మాటలే కానక్కర్లేదు.) అక్కడ ఆపండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకండి, మీకు ఆ హక్కు ఉన్నా సరే. ఆయన నుంచి రావలసిన మాట, నీతో నిజం చెప్పి ఉండాల్సింది అన్న మాట, ఆ పూటే రాకపోవచ్చు. రెండు రోజులు పట్టనివ్వండి. వస్తుందనే నా నమ్మకం, ఎందుకంటే మీకోసం అంత ఉప్పు తిన్న మనిషి ఆయన.

రివ్యూ విషయానికి వస్తే, ఇప్పుడున్నట్టుగా పెట్టవద్దు. అందులో మూడు వాక్యాలు వెయిటరు మీదే ఉన్నాయి, అతని పేరుతో సహా. అతను సాసు కాచలేదు, టేబుళ్లకు మించి బుకింగులు తీసుకోలేదు, హాలుకు రాతి నేల వేయించలేదు. మీరు చెప్పాక ప్లేటు తీసుకెళ్లి కొత్తది తెచ్చాడు. పేరుతో రాసిన మాట వల్ల పోయేది అతని ఉద్యోగం. ఆ మూడు వాక్యాలూ కొట్టేయండి. ముందు మేనేజరుకు ఉత్తరం రాయండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు బుక్ చేశారు, ఎన్నింటికి కూర్చోబెట్టారు, రెండు ప్లేట్ల మధ్య ఎంత తేడా వచ్చింది, ఏ వంటకంలో ఉప్పు ఎక్కువైంది, మార్చి తెచ్చేసరికి ఎంతసేపైంది. విశేషణాలు లేకుండా ఇంతే. తొలిరోజుల్లో ఇలాంటి ఉత్తరం యజమానికి ఎంతో పనికొస్తుంది, ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తుంది కాబట్టి. వారంలో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు కొట్టిపారేసేట్టు ఉంటే, అదే ఉత్తరాన్ని రివ్యూగా పెట్టుకోండి. అరగంట నిలబెట్టడం మాత్రం కొత్తదనం మీదికి నెట్టగలిగే తప్పు కాదు. కొత్తచోటు తక్కువ బుకింగులు తీసుకోవాలి. ఆ మాట గట్టిగానే రాయండి, నేను మీ పక్షం.

మళ్లీ వెళ్లవచ్చా అని అడిగారు. వెళ్లవచ్చు, కానీ ఈ నెలలో వద్దు. పేరున్న పత్రికల్లో రెస్టారెంట్ల గురించి రాసే విమర్శకులు చాలామంది తెరిచిన కొన్ని వారాలదాకా ఆగి, ఒకటికి మించిన సార్లు తిన్నాకే తీర్పు రాస్తారు. 1926 నుంచి రెస్టారెంట్లకు నక్షత్రాలిస్తున్న మిషెలిన్ గైడు కూడా ఎప్పుడు వెళ్లినా ఒకే నాణ్యత ఉందా అన్నదాన్ని ఒక కొలతగా పెట్టుకుంది. హాలు అలంకరణకు ఆ నక్షత్రాల లెక్కలో చోటు లేదు. ఒక్క శనివారం రాత్రిని బట్టి ఒక వంటగదిని తేల్చేయడం తొందరపాటే. రెండు నెలలు పోనిచ్చి, వారం మధ్యలో ఏదో ఒక సాయంత్రం, పెళ్లిరోజూ పుట్టినరోజూ కాని రోజు చూసి వెళ్లండి. ప్రత్యేకమైన రోజు మీద పెట్టుకున్న ఆశ బరువు లేకపోతే ఉప్పు ఉప్పులాగే ఉంటుంది, అవమానంలా అనిపించదు. వెళ్లాలని ఆయనకూ ఉంటేనే సుమా. వద్దంటే ఒప్పించాలని చూడకండి, ఇంకో చోటు ఆయన్నే వెతకమనండి. ఆయన వెతికిన చోట ఏదైనా బాగాలేకపోతే, మొదటి ముద్దలోనే మెల్లగా ఆయనతో చెప్పండి.